సమాధానం: డిబేట్‌లో ‘పరాయి దేశపు సైనిక జోక్యం న్యాయమే’ అనే వాదన ఎందుకు కూలుతోంది

మాష్టారూ, మీ భీమవరం పిల్లలు 1971 బంగ్లాదేశ్ యుద్ధంతో మొదలుపెట్టి, ఎదుటి జట్టు “మరి లిబియా?” అనగానే ఆగిపోతున్నారన్నారు. ఉదాహరణ కంటే ముందు కొలమానం చెప్పకపోవడమే కారణమండి. మొదటి నిమిషంలోనే నాలుగు ప్రశ్నలు పెట్టించండి: జనాన్ని మూకుమ్మడిగా చంపుతున్నారా, మిగతా దారులు చూశారా, బలం అవసరానికి మించిందా, పనయ్యాక వెనక్కి వచ్చేశారా.

1971లో అప్పటి తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి మన దేశానికి కోటి మంది దాకా శరణార్థులొచ్చారు. డిసెంబరు 3న పాకిస్తాన్ వైమానిక దాడి, 16న ఢాకాలో లొంగుబాటు, 1972 మార్చిలో మన సైన్యం వెనక్కి. ఈ ఆఖరి తేదీనే పిల్లలు వదిలేస్తారు, అసలు బలం అక్కడే ఉంది. ఏటిగట్టు తెగితే పక్క ఊరోళ్లొచ్చి ఇసుక బస్తాలేస్తే ఎవరూ కాదనరు. వేశాక మన చేలో పాకేసుకుంటేనే తగాదా. భారత్‌కి స్వప్రయోజనం లేదని మాత్రం అననివ్వకండి. ఉంది. ఒప్పుకుంటేనే నమ్ముతారు.

లిబియాని సమర్థించొద్దు. 2011 మార్చి 17న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చేసిన 1973వ నంబరు తీర్మానం అక్కడి పౌరుల రక్షణకి బలం వాడేందుకు అనుమతిచ్చింది. భారత్ సహా 5 దేశాలు ఓటుకి దూరంగా ఉన్నాయి. కానీ ఆ సైనిక చర్య లిబియా పాలకుడు గద్దాఫీ కూలేదాకా సాగింది. “మా మూడో ప్రశ్న దగ్గరే అది తప్పింది” అంటే చాలు.

జోక్యం చేసుకోకపోతే ఏమవుతుందో చూపే ఆఫ్రికా దేశం రువాండాని ముగింపుకి దాచండి. 1994 ఏప్రిల్ 21న, ఊచకోత సాగుతుండగానే, భద్రతా మండలి శాంతిదళాన్ని 270 మందికి కుదించింది. ముందే వాడేస్తే ఎదుటివాళ్లకి జవాబు వెతుక్కునే టైము దొరుకుతుంది.