ఈ స్కిన్‌లు కూడు పెడతాయా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్లస్ టూ సైన్స్ రెండో ఏడాది. డెస్క్‌టాప్ మీద గడియారాలు, మ్యూజిక్ ప్లేయర్ స్కిన్‌లు (అంటే వాటి పైరూపాలు) మార్చడమంటే నాకు పిచ్చి. ఇప్పుడు సొంతంగా చేయాలనుంది. విశాఖలో ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు గ్రాఫిక్స్ కోర్సు చేస్తే తప్ప రాదన్నారు, ఫీజు వేలల్లో ఉంది. నాన్నేమో "ఆ బొమ్మలు కూడు పెడతాయా?" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ నాన్నగారు అడిగింది సబబే తమ్ముడూ, ముందు దానికే జవాబు చెబుతాను. స్కిన్‌లు మాత్రమే చేసి ఇల్లు నడపడం కష్టం. జనం వీటిని ఎక్కువగా నెట్‌లో ఊరికే పెడతారు, ఊరికే దించుకుంటారు. కానీ ఒక్క స్కిన్‌ని మొదటినుంచి చివరిదాకా సొంతంగా చేశావంటే, యాప్‌ల స్క్రీన్‌లు ఎలా ఉండాలో తేల్చే యూఐ డిజైన్ పనిలో నీకు చేయి తిరగడం మొదలైనట్టే, ఆ పనికి మాత్రం జీతాలిస్తారు. నాన్నగారికి ఇలాగే చెప్పు, గొప్పలు కలపకు.

కోర్సుకి ఇప్పుడే డబ్బు కట్టొద్దు. ఫోటోషాప్ కూడా కొననక్కర్లేదు, బొమ్మలు చేసుకునే గింప్, ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతాయి. నీది విండోస్ అయితే డెస్క్‌టాప్ మీద స్కిన్‌లు నడిపే రెయిన్‌మీటర్ వేసుకో, అదీ ఉచితమే. దాంతోపాటు ఇల్లస్ట్రో అనే స్కిన్ వస్తుంది. దాని గడియారం మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ నొక్కితే నోట్‌ప్యాడ్‌లో మామూలు టెక్స్ట్ ఫైల్ తెరుచుకుంటుంది, భయపడేంత కోడ్ ఏమీ ఉండదు. అందులో మెజర్ అన్నది టైమ్, బ్యాటరీ, ప్రాసెసర్ లాంటి వివరాలు తెస్తుంది, మీటర్ అన్నది వాటిని అక్షరాలుగానో గీతగానో చూపిస్తుంది. రంగు దగ్గర కామాలతో నాలుగు అంకెలుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నాలుగోది ఆ రంగు ఎంత గట్టిగా కనబడాలో. ఒక అంకె మార్చు, సేవ్ చేయి, రిఫ్రెష్ కొట్టు, ఏమైందో చూడు. మొదటి వారం ఇదే పని.

తర్వాత సొంతంగా చిన్నదొకటి చెయ్. అందరూ చేసే నియాన్ గడియారం వద్దు, మీ ఊళ్లో సగం బోర్డులు ఒడియాలో, సగం మాటలు తెలుగులో కదా, వారం పేరు రెండు భాషల్లోనూ చూపించే గడియారం చెయ్. సబ్‌స్టిట్యూట్ అనే లైన్ రాస్తే సండే వచ్చినచోట ఆదివారం వస్తుంది. అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తే టెన్షన్ పడకు, సేవ్ యాజ్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-16 ఎల్‌ఈ పెట్టు. విండోస్‌తో వచ్చే నిర్మల యూఐ ఫాంట్‌లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి, మీ గజపతి జిల్లా సవరలకు పనికొచ్చే సోరా సోంపెంగ్ లిపి కూడా ఉంది (అది వాడి ఎవరైనా స్కిన్ చేస్తే చూడాలని నాకెప్పటినుంచో ఉంది). అసలు డిజైన్ పాఠం ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు కొలిచి పెట్టిన డబ్బాలో శుక్రవారం అని రాస్తే కింద క్రావడి తెగిపోతుంది, డబ్బా పెంచితే పక్కనున్న అంకెలతో వరస కలవదు, అప్పుడు మొత్తం కొలతలు మళ్లీ వేసుకోవాలి. ఈ తంటా పడినవాడు రేపు ఏ బ్యాంకు యాప్‌కి తెలుగు స్క్రీన్ చేయమన్నా తడబడడు.

ఇది కుదిరాక విన్యాంప్ అనే మ్యూజిక్ ప్లేయర్ పాత స్కిన్ ఒకటి విప్పి చూడు. డబ్ల్యూఎస్‌జెడ్ ఫైల్ అంటే పేరు మార్చిన జిప్ ఫైలే. లోపల మెయిన్ అనే బొమ్మ 275 పిక్సెళ్ల వెడల్పు, 116 ఎత్తు. బటన్ల బొమ్మలో ఒక్కో బటన్ రెండుసార్లు ఉంటుంది, ఒకటి మామూలుగా, ఒకటి నొక్కినప్పుడు. కొత్తవాళ్లు మర్చిపోయేది ఈ రెండోదాన్నే. బటన్ నొక్కితే నొక్కినట్టు కనబడకపోతే ఎంత అందంగా ఉన్నా అది పోస్టరే.

సినిమా హీరోల ఫోటోలు, కంపెనీల లోగోలు వాడకు. వేరేవాళ్ల స్కిన్‌లో ముక్క తీసుకుంటే లైసెన్స్ చదివి, వాళ్ల పేరు రాయి. ఇంట్లో లెక్కలు, బిల్లులు ఉన్న కంప్యూటర్ ఉంటే మాత్రం ఈ ప్రయోగాలు దానిమీద చేయకు.

చదువు సంగతి. డిజైన్‌లోనే డిగ్రీ కావాలంటే ఐఐటీ బాంబే నడిపే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు, ఏ గ్రూపువాళ్లైనా రాయొచ్చు, డ్రాయింగ్ కూడా అడుగుతారు. ఎన్‌ఐడీలకు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వేరే పరీక్ష. ఈ ఏడాది రాయడానికి గడువు ఉందో లేదో ఈరోజే ఆ వెబ్‌సైట్లలో చూసుకో. నాన్నగారు బీటెక్ అంటే బీటెక్‌లోనే చేరు, గొడవ పడకు, స్కిన్‌లు అక్కడా చేసుకోవచ్చు. నువ్వు చేసే ప్రతిదానికీ మొదటి కాగితపు గీతల నుంచి ఆఖరి రూపం దాకా ఫోటోలు దాచు. ఇంటర్వ్యూలో బొమ్మ బాగుందా లేదా అని ఆగరు, ఈ బటన్ ఇక్కడెందుకు పెట్టావని అడుగుతారు.