ఒకే ఒరలో రెండు కత్తులా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పండక్కి పాతపట్నం అత్తారిల్లు. యూరప్‌లో లాటరీ తీసినట్టు మామూలు జనాన్ని ఎంచి చర్చలకు కూర్చోబెడుతున్నారనీ, దాంతో వాళ్లలో ‘మేం యూరోపియన్లం’ అన్న భావం పెరుగుతుందనీ చదివాను. అంటే సొంత దేశం మీద అభిమానం తగ్గుతున్నట్టేనా? మా అబ్బాయి బరంపురంలో చదువుతున్నాడు, ఈమధ్య ఫోన్లో కూడా ఒడియా ముక్కలే దొర్లుతున్నాయి. నా అసలు టెన్షన్ అదీ.
– ఒక పాఠకుడు

జవాబు: అబ్బాయి బెంగని యూరప్ మీదుగా తిప్పి అడిగారన్నమాట! 2021 మే నుంచి ఏడాది పాటు ‘యూరప్ భవిష్యత్తుపై సదస్సు’ జరిగింది. యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల నుంచి 800 మందిని, వరస లేకుండా ఫోన్ నంబర్లు తీసి పిలిచారు (మనకలా ఫోన్ వస్తే ఓటీపీ అడుగుతాడని కట్ చేసేస్తాం). 200 మంది చొప్పున నాలుగు బృందాలు, మూడో వంతు పాతికేళ్ల లోపు వాళ్లు. చెవికి హెడ్‌ఫోన్లు, 24 భాషల్లో అనువాదం, ఎవరి భాషలో వాళ్లు మాట్లాడొచ్చు. నాకు నచ్చింది ఇదే, ఎందుకంటే యూరోపియన్ అనిపించుకోవాలంటే నీ భాష బయట పెట్టి రా అని ఎవరూ అనలేదు, వైద్యం గురించో ఉద్యోగాల గురించో తన గోడు తన మాటల్లో చెప్పుకుంటూ, పక్క దేశం మనిషి గోడూ దాదాపు అదేనని వింటుంటే ‘వాళ్లు’ అనే మాట ‘మనం’గా మారడానికి ఎంతసేపు?

దేశాభిమానం తగ్గుతుందా అంటే, లేదనే నా లెక్క. యూనియన్ తరచూ చేయించే యూరోబారోమీటర్ అనే జనాభిప్రాయ సర్వేల్లో ‘ముందు నా దేశం, తర్వాత యూరప్’ అనేవాళ్లే ఎక్కువ, ‘నేను యూరోపియన్‌ని మాత్రమే’ అనేవాళ్లు బహు తక్కువ. యూరోపియన్ పౌరసత్వం దేశ పౌరసత్వానికి అదనం, దాని బదులు కాదు అని యూనియన్ దేశాలు తమ ఒప్పందంలోనే రాసుకున్నాయి. కాకపోతే హాల్లో కూర్చున్న 800 మందికి కలిగిన భావం బయట ఉన్న 45 కోట్ల మందికి అంటుకోదు. పైగా వాళ్లిచ్చిన 49 ప్రతిపాదనల్లో కొన్నిటికి ఒప్పందాలే మార్చాలి, యూరోపియన్ పార్లమెంటు 2022 జూన్‌లో అడిగినా ఆ మార్పు జరగలేదు. పిలిచి మాట్లాడించి పక్కన పెడితే మిగిలేది అనుబంధం కాదు, ఉక్రోషం.

మీ ఊరి సంగతే చూడండి. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే గిడుగు రామమూర్తి గారు ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు, మీ తాతలు ఉండిపోయారు, తెలుగూ ఉండిపోయింది. అటు సరిహద్దు కొండల్లోని కొఠియాలో 21 ఊళ్ల కోసం ఆంధ్ర, ఒడిశా 1968 నుంచి కోర్టు మెట్లెక్కాయి, ఊళ్లవాళ్లేమో రెండు వైపుల ఓటరు కార్డులూ దాచుకుని ఎవరు రోడ్డు వేస్తే వాళ్లకి దండం పెడుతున్నారు. ఇక మీ అబ్బాయికి ఒడియా బాగా రానివ్వండి, తెలుగు ఎక్కడికీ పోదు. ఇంట్లో మీరు మాట్లాడటం మానకండి, అంతే.

ప్రశ్న: మాకు ఒడిశాలో పల్లి సభ, అంటే ఊరి సభ, ఉందిగా, అదీ యూరప్‌దీ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: కాదమ్మా. పల్లి సభకు ఊళ్లో ఓటున్న ప్రతివాళ్లూ రావచ్చు, అక్కడ చీటీలో పేరు వస్తేనే. ఇంకో పెద్ద తేడా మీ జిల్లాలోనే ఉంది. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక నియమగిరి మీద బాక్సైట్ తవ్వకం గురించి రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లి సభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి, మరుసటి ఏడాది కేంద్రం అనుమతి నిరాకరించింది. ఆ కొండ మీదుండే డోంగ్రియా కోంధు గిరిజనులు తమ కొండ, తమ దేవుడు నియమరాజా పేరు చెప్పే మాట్లాడారు, ఆ మాట చెల్లింది ఈ దేశపు కోర్టు ఉత్తర్వు వల్ల. ఆ చెల్లుబాటే యూరప్ సదస్సుకు కరువైంది.

ఈసారి సభకు వెళ్తే తీర్మానం ఒడియాలో గబగబా చదివేసి సంతకం పెట్టమంటారు, తెలుగులోనో, కోంధుల భాష కువిలోనో మళ్లీ చెప్పమనండి. మీరన్నది పుస్తకంలోకి ఎక్కిందో లేదో చూసుకున్నాకే పెన్ను పట్టుకోండి.