క్రిస్మస్ చెట్టు, స్టార్, పశువుల పాక: బైబిల్లో ఉన్నదెంత, తర్వాత చేరిందెంత?

మీ ప్రశ్న ఇదీ: గుంటూరు బ్రాడీపేటలో మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పిల్లల చేత సెమీ క్రిస్మస్ (25కి ముందే జరిపే క్రిస్మస్ వేడుక) చేయిస్తున్నారు. స్టార్, చెట్టు, పశువుల పాక పెడదామంటే మూడో అంతస్తు పెద్దాయన "ఇవేవీ బైబిల్లో లేవు, అన్నీ అన్యాచారాలే" అన్నారు. ఆయన మాటలో నిజమెంత, పెడితే ఎలా పెట్టాలి?

ఆయన మాటలో మొదటి సగం చాలావరకు నిజం. రెండో సగం అంత గట్టిది కాదు. బైబిల్లో లేని ప్రతిదీ అన్యుల, అంటే వేరే దేవుళ్లను కొలిచేవాళ్ల, దగ్గర్నుంచే రానక్కర్లేదు. వీటిలో ఎక్కువభాగం క్రైస్తవులే తర్వాతి శతాబ్దాల్లో చేర్చుకున్నవి.

తేదీ సంగతే చూడండి. యేసు జీవితం చెప్పే బైబిల్ పుస్తకాలైన సువార్తల్లో ఆయన పుట్టిన రోజు సరే, నెల కూడా లేదు. డిసెంబర్ 25 అని సూటిగా చెప్పే పాత ఆధారం 354లో రోమ్‌లో తయారైన ఒక పంచాంగ సంకలనం. అందులో ఆ తేదీ ఉన్న జాబితా 336 నాటిదని పండితుల లెక్క. తమాషా ఏమిటంటే అదే సంకలనంలో ఇంకోచోట అదే రోజున "అజేయుడి పుట్టినరోజు" అని సూర్యదేవుడి పండుగ కూడా రాసి ఉంది, ముప్పై రథపందేలతో సహా. రెండు పండుగలకూ పాత సాక్షి ఒకే పుస్తకమైనప్పుడు ఎవరిని చూసి ఎవరు పెట్టుకున్నారని తేలుస్తాం? 274లో అరేలియన్ చక్రవర్తి సూర్యుడికి గుడి కట్టించిన మాట నిజమే. సాటర్నేలియా అనే రోమన్ల పండుగ నుంచి వచ్చిందనే వాదన మాత్రం మరీ వదులు. అది డిసెంబర్ 17న మొదలై 23తో ముగిసేది.

ఇంకో వాదన ఉంది, నాకు అది బలంగానే కనిపిస్తుంది. యేసు సిలువ మరణం మార్చి 25న అని పాశ్చాత్య సంఘంలో తొలినాళ్లలోనే ఒక లెక్క వేశారు. గర్భంలో పడినదీ అదే తేదీన అనుకున్నారు. దానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబర్ 25. తూర్పున ఏప్రిల్ 6 అనుకున్నవాళ్లకు జనవరి 6 వచ్చింది. ఆర్మేనియా సంఘం ఇప్పటికీ ఆ రోజే చేసుకుంటుంది. రష్యావాళ్ల జనవరి 7 ఇలాంటిది కాదు, కలపకండి. వాళ్లదీ డిసెంబర్ 25వ తేదీయే. పాత జూలియన్ క్యాలెండర్ 13 రోజులు వెనకబడి నడుస్తుంది కాబట్టి మనకు 7 అవుతుంది, 2101 నుంచి 8 అవుతుంది. ఉక్రెయిన్ 2023లో మన తేదీకి మారిపోయింది.

చెట్టు దగ్గరికొస్తే మీ పెద్దాయన తప్పకుండా యిర్మీయా 10వ అధ్యాయం తీస్తారు: అడవిలో చెట్టు నరికి, వెండి బంగారాలతో అలంకరించి, కదలకుండా మేకులు కొడతారని. ముందూ వెనకా చదివితే అది విగ్రహం చెక్కడం గురించి. ఇటు చెట్టు పక్షాన మనవాళ్లు చెప్పే కథా నిలవదు. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ నక్షత్రాలు చూసి చెట్టుకు కొవ్వొత్తులు పెట్టాడని, లూథరన్ మిషనరీ రెవరెండ్ హయ్యర్ 1842లో వచ్చిన ఈ లూథరన్ల ఊళ్లో చాలామంది చెబుతారు. దానికి ఆధారం లేదు. లూథర్ 1546లో పోయారు. 1605 నాటి ఒక రాతలో స్ట్రాస్‌బర్గ్ ఇళ్లలోని చెట్లకు కాగితం గులాబీలు, యాపిల్ పండ్లు, అప్పాలు, మిఠాయిలు కట్టారని ఉంది, కొవ్వొత్తుల ఊసు లేదు. యాపిల్ ఎందుకంటే డిసెంబర్ 24 ఆదాము హవ్వల రోజు. ఆ రోజు వేసే ఏదెను తోట నాటకాల్లో పండ్లు వేలాడే చెట్టు ఉండేది. ఇప్పటి ఎర్ర బంతులు ఆ పండ్ల వారసులే కావచ్చు. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చౌకులో తొలిసారి చెట్టు పెట్టింది 1982లోనే.

మీరు పెట్టేదానికి సరుగుడు కొమ్మ చాలు. ఆరడుగుల చివరి భాగం తెప్పించండి, మొదలు ఏటవాలుగా కోయించండి. ఖాళీ పెయింట్ బకెట్‌లో మూడొంతులు ఇసుక పోసి, తడిపి, గట్టిగా దట్టించి నిలబెట్టండి. రోజూ నీళ్లు పోసినా కొమ్మ వారం పదిరోజులకు ఎండి పొడిలా రాలుతుంది. కాబట్టి డిసెంబర్ 1న తెచ్చుకోవద్దు, ప్రోగ్రాంకి రెండు రోజుల ముందు చాలు. మంచు అని దూది అంటిస్తారే, అది మానేయండి. ఎండిన సరుగుడు, దూది, పక్కన కొవ్వొత్తి, ఇంతకంటే మంటకు ఏం కావాలి?

పశువుల పాకలోనే అసలు వైరుధ్యం ఉంది, రెండు సువార్తల కథల్ని ఒకేచోట కలిపేస్తాం, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. గొర్రెల కాపరులు, పశువుల తొట్టి లూకా సువార్తలో ఉంటారు. బాలయేసును చూడ్డానికొచ్చిన జ్ఞానులు, వాళ్లకు దారి చూపిన నక్షత్రం మత్తయి సువార్తలో. మత్తయి జ్ఞానులు ముగ్గురని చెప్పలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు కాబట్టి మనుషులనూ ముగ్గురిని చేశారు. వాళ్లొచ్చింది "ఇంటిలోనికి", పాకలోకి కాదు. యేసును చంపాలని హేరోదు రాజు రెండేళ్లలోపు పిల్లల్ని చంపించాడంటే మధ్యలో కొంతకాలం గడిచినట్టే. ఎద్దూ గాడిదా రెండు సువార్తల్లోనూ లేవు, యెషయా 1:3 నుంచి వచ్చి చేరాయి. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో ఫ్రాన్సిస్ ఆఫ్ అసీసీ అనే కాథలిక్ సన్యాసి నిజం ఎద్దును, గాడిదను నిలబెట్టి ఈ దృశ్యం చూపించాక పాకలు కట్టడం బాగా పాకింది.

దీనికి కాథలిక్కుల పద్ధతి చక్కగా సరిపోతుంది. తొట్టి ఖాళీగా ఉంచి, బాలయేసు బొమ్మను 24 అర్ధరాత్రి పెట్టండి. జ్ఞానుల బొమ్మల్ని దూరంగా, లిఫ్ట్ దగ్గరో మెట్ల దగ్గరో పెట్టి రోజుకు కొంచెం జరుపుతూ జనవరి 6కి, అంటే ముగ్గురు రాజుల పండుగకి, పాక చేర్చండి. పిల్లలకు రెండు సువార్తల తేడా చెప్పకుండానే తెలుస్తుంది. డిసెంబర్‌లో కోతల గడ్డి తేలిగ్గా దొరుకుతుంది కానీ పచ్చిది కప్పితే బూజు పట్టి పురుగు చేరుతుంది. రెండు మూడు రోజులు ఎండబెట్టాకే కప్పండి. సీరియల్ లైట్లు గడ్డిలో దూర్చకుండా బయటి కర్రలకే చుట్టండి.

స్టార్ బజారులో మడతపెట్టి అమ్మేది కొనొచ్చు గానీ, పిల్లలతో చేయిస్తే మేలు. ఒక్కోటి 30 అంగుళాల పొడవు, అర అంగుళం వెడల్పు ఉన్న వెదురు బద్దలు పది కావాలి. ఐదు బద్దలతో ఒక చుక్క, ఐదింటితో రెండోది కట్టండి. రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి ఐదు కొసలూ దారంతో బిగించండి. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా ఆరేసి అంగుళాల పుల్ల అడ్డంగా పెడితే బొద్దుగా లేస్తుంది. ఎనిమిది అంగుళాలు పెడితే ఇంకా బాగా ఉబ్బుతుందని ఆశపడితే ఆ దాటేచోటే బద్ద విరుగుతుంది, ఎండు వెదురైతే మరీను. పచ్చి బద్దలు తీసుకోండి, లేదా ఒక రాత్రి నానబెట్టండి. గాలిపటాల కాగితం మైదా జిగురుతో అంటించండి. జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తే బొద్దింకలు ముట్టవు, కానీ అది విషం, ఆ పని పెద్దవాళ్లే చేయాలి. ఆరుబయట కడితే తెల్లవారుజాము మంచుకు కాగితం జారిపోతుంది, పైన గ్లాస్ పేపర్ వేయండి. వెనక ఒక ముక్కోణం అంటించకుండా వదలాలి, బల్బు మార్చడానికీ వేడి పోవడానికీ. కాగితం బల్బుకు మూడంగుళాల దూరంలోనే ఉంటుంది కాబట్టి పాత 60 వాట్ల బల్బు వద్దు, 5 లేదా 7 వాట్ల ఎల్‌ఈడీ పెట్టండి. ఫిలిప్పీన్స్‌లో పరోల్ అనే క్రిస్మస్ లాంతరుకూ ఇదే అస్థిపంజరం. జర్మనీలో మొరేవియన్లనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్ల బడిలో 1830లలో లెక్కల పాఠం కోసం పుట్టిందని చెప్పే స్టార్‌కి మాత్రం 26 కొమ్ములు, దాని జోలికి పోకండి.

క్రిస్మస్ తాతను కోకాకోలా కంపెనీ పుట్టించిందనేది తప్పు. 1931 నాటి ఆ ప్రకటనలకు ముందే ఎర్ర కోటు ఉంది. అంతకన్నా చిత్రం జర్మనీది: సెయింట్ నికొలస్ వద్దు, బాలయేసే కానుకలు తెస్తాడని మొదలుపెట్టింది ప్రొటెస్టెంట్లు. ఇప్పుడు ఆ బాలయేసు ఎక్కువగా కాథలిక్ దక్షిణాన నిలిచాడు, ప్రొటెస్టెంట్ ఉత్తరానికి గడ్డం తాత వచ్చాడు.

పెద్దాయనను తీసిపారేయకండి. క్రిస్మస్‌ని నిషేధించినవాళ్లు కూడా భక్తులే. 1647లో ఇంగ్లండ్ పార్లమెంటు పండుగను రద్దు చేసింది. మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా పండుగ చేస్తే ఐదు షిల్లింగుల జరిమానా. అయితే ఆయన ఇంట్లో అరిసెలు వండుతారా, ధనుర్మాసంలో వీధంతా ముగ్గులేస్తుంటే వాళ్ల గుమ్మం ముందు "హ్యాపీ క్రిస్మస్" ముగ్గు ఉంటుందా అని నెమ్మదిగా అడగొచ్చు, అవీ బైబిల్లో లేనివే కదా.

ఆయన నిజంగా పట్టుకోవాల్సింది సెమీ క్రిస్మస్‌ని. డిసెంబర్ 25కి ముందు నాలుగు వారాలూ ఆగమన కాలం, పాత క్రమంలో సిద్ధపాటుకి ఉద్దేశించినవి. పండుగ 25న మొదలై పన్నెండు రోజులు సాగాలి. మనం నెలంతా కేకులు కోసి 26న స్టార్ దించేస్తాం. మీ ప్రోగ్రాం తేదీ ఇంకా ఖరారు కాకపోతే 27 లేదా 28న పెట్టి చూడండి. పాస్టర్‌గారు ఖాళీగా దొరుకుతారు, సౌండ్ సిస్టమ్ అద్దె కూడా కాస్త బేరమాడొచ్చు.