పుస్తకాల చివర ఖాళీ పేజీలు ఎందుకుంటాయి?

ప్రెస్సులో పేజీలను విడివిడిగా కాకుండా ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చువేస్తారు కాబట్టే పుస్తకం చివర కొన్ని ఖాళీగా మిగులుతాయి. ఆ కాగితానికి ఒకవైపు 8, రెండోవైపు 8 పేజీలు వేసి, మూడుసార్లు మడుస్తారు. ఈ 16 పేజీల కట్టను మన ప్రెస్సువాళ్లు ఫారం అంటారు (8, 32 పేజీల ఫారాలూ ఉంటాయి). ఇలాంటి ఫారాలను వరుసగా పేర్చి, బైండింగ్ చేసి, అంచులు కోస్తే పుస్తకం తయారవుతుంది.

ముందుమాటతో కలిపి 187 పేజీలు వచ్చాయనుకోండి. 11 ఫారాలకు 176 పేజీలే వస్తాయి, కాబట్టి 12వది వేయాల్సిందే. మొత్తం 192 అవుతాయి, 5 మిగులుతాయి. కొందరు ప్రచురణకర్తలు వాటిలో తమ ఇతర పుస్తకాల జాబితా వేస్తారు, అది నిజంగా మంచి పద్ధతి.

మధ్యలో కనిపించే ఖాళీ పేజీ సంగతి వేరు. కొత్త అధ్యాయం కుడివైపు పేజీలోనే మొదలవ్వాలని ఎడమ పేజీని వదిలేస్తారు.

ఖాళీ పేజీ కనబడగానే అచ్చు తప్పనో, కథలో కొంత పోయిందనో చాలామంది టెన్షన్ పడతారు. వాక్యం సగంలో తెగి, తర్వాతి పేజీ తెల్లగా ఉంటేనే అది లోపం. అలాంటి కాపీని షాపులో తప్పకుండా మార్పించుకోండి.