రెండు నిమిషాల మ్యాజిక్‌లో ఆఖరి పదిహేను సెకన్లు

అడిగిన ప్రశ్న ఇది: "మా తమ్ముడు చీపురుపల్లి చుట్టుపక్కల స్కూళ్లలో, పెళ్లిళ్లలో మ్యాజిక్ చేస్తాడు. టీవీ టాలెంట్ షో ఆడిషన్‌కి పిలుపొచ్చింది. రెండు నిమిషాలే ఇస్తారట. నిమ్మకాయలో నోటు చేద్దామంటున్నాడు. జడ్జిలు ఒప్పుకుంటారా?"

జడ్జి ఇచ్చిన నోటు మాయమై, కోసిన కాయలోంచి బయటపడే ఈ ఐటెమ్ బంగారంలాంటిది. మార్చాల్సింది నిమ్మకాయని.

వీడియోల్లో విదేశీ మెజీషియన్లు కోసే నిమ్మకాయ మన నిమ్మకాయ కాదు. అది బాగా పెద్దది, తొక్క దళసరి. మన సంతలో దొరికేది అడ్డంగా నాలుగు సెంటీమీటర్లుంటే ఎక్కువ. కొత్త వంద నోటు 142 మి.మీ. పొడవు, 66 మి.మీ. వెడల్పు. ఎంత సన్నగా చుట్టినా ఆ 66 మి.మీ. ఎక్కడికీ పోదు, కాయ దాటి బయటికొస్తుంది. పోనీ మధ్యకి మడిచి చుడితే లావెక్కుతుంది. పైగా రసంలో నానిన మడత విప్పడానికే పది సెకన్లు పోతాయి. అందుకే బత్తాయి తీసుకోమనండి. ఏడు సెంటీమీటర్లు దాటి, నొక్కితే లొంగనంత గట్టిగా ఉండాలి. రెండొందలు, ఐదొందల నోట్ల వెడల్పు కూడా 66 మి.మీ.లే, కాబట్టి జడ్జి పర్సులోంచి కొత్త నోటు ఏది తీసినా ఇబ్బంది లేదు. కోసేటప్పుడు కత్తి అడ్డంగా దింపేస్తే నోటు తెగుతుంది. కత్తిని కదలకుండా పట్టుకుని, పండుని తిప్పుతూ నడుము చుట్టూ సెంటీమీటరున్నర లోతు గాటు పెట్టాలి. తర్వాత రెండు చేతులతో మెలిపెడితే పండు విడిపోతుంది, నోటు ఒక చెక్కలో నిలబడి కనిపిస్తుంది. పండు లోపలి పని ఎలా జరుగుతుందో ఇక్కడ రాయను. అలా రాసేవాళ్లూ, వీడియోలు తీసి పెట్టేవాళ్లూ ఈ విద్య మీద బతికే వాళ్ల కంచంలో మట్టి కొడుతున్నారు.

నోటు మీద సంతకం చేయించొద్దు. నోట్ల మీద రాయొద్దని రిజర్వ్ బ్యాంకు మొత్తుకుంటూనే ఉంది, టీవీలో అసలే బాగోదు. నంబరు చదివించాలి. అదీ మొత్తం కాదు, ఇంట్లో కూర్చున్నవాళ్లకి తొమ్మిది అక్షరాలు గుర్తుండవు. కొత్త నోట్లలో అంకెలు ఎడమ నుంచి కుడికి పెద్దవవుతూ వస్తాయి, కాబట్టి చివరి మూడూ కెమెరాకి బాగా అందుతాయి. ఆ మూడే రెండుసార్లు గట్టిగా చదివిస్తే చాలు.

ఇక అసలు సంగతి. ఓడిపోయే మెజీషియన్లలో చాలామందికి చేతివాటం లోటుండదు, ముగింపు ఉండదు. 1956 ఏప్రిల్ 9న బ్రిటన్ టీవీ బీబీసీ పనోరమా కార్యక్రమంలో మన బెంగాలీ మెజీషియన్ పి.సి. సర్కార్ చేసింది చూడండి. పదిహేడేళ్ల అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టి, గిర్రున తిరిగే రంపంతో కోశాడు. రంపం ఆగింది. ఆమె చేతులు రుద్దాడు, పిలిచాడు, పలకలేదు. అంతలో వ్యాఖ్యాత కెమెరా ముందుకొచ్చి కార్యక్రమం ముగించేశాడు. అమ్మాయి చచ్చిపోయిందనుకుని జనం చేసిన ఫోన్లతో బీబీసీ లైన్లు జామ్ అయిపోయాయి. లండన్ థియేటర్లో అతని ప్రదర్శనలకి అంతకు మించిన ప్రచారం ఏముంటుంది? టైమ్ అయిపోయి అలా జరిగిందంటారు. సర్కార్ గడియారం చూసుకునే చేశాడు, నాకందులో అనుమానమే లేదు. మీ తమ్ముడు రంపం పట్టక్కర్లేదు. నోటు విప్పేసరికి ఒక నిమిషం నలభై ఐదు సెకన్లు అవ్వాలి. ఆ మిగిలిన పదిహేను సెకన్లు నోరు మెదపకుండా నిలబడాలి, జడ్జి మొహం మీదికి కెమెరా వెళ్లనివ్వాలి. మనవాళ్లు అక్కడే గబగబా ఇంకో పేకముక్క తీసి పాడుచేస్తారు.

పెట్టెలూ, పొగా లేకుండా వెళ్తే చిన్నతనమని బెంగపడక్కర్లేదు. 2018లో అమెరికాస్ గాట్ టాలెంట్ గెలిచిన షిన్ లిమ్ చేసింది చిన్న బల్ల మీద పేకముక్కలతోనే.

పెళ్లి స్టేజి మీద వెనక గోడుంటుంది, చూసేవాళ్లు ఎదురుగా ఉంటారు. స్టూడియోలో క్రేన్ కెమెరా తల మీంచి తిరుగుతుంది. ఈ విషయంలో మన గారడీ వాళ్లే నయం, చుట్టూ జనం నిలబడితేనే వాళ్ల ఆట. ఓ వారం సాయంత్రాలు విజయనగరం గంటస్తంభం దగ్గర జనం మధ్య చేసి చూడమనండి. ఇంట్లో అయితే మూడు ఫోన్లు పెట్టాలి: ఎదురుగా ఒకటి, పక్కన భుజం వెనగ్గా ఒకటి, నిచ్చెన మీంచి కిందికి చూస్తూ ఒకటి. ఎందులో దొరికిపోయినా ఆ కదలిక మార్చాల్సిందే. చొక్కా చేతులు మోచేయి పైకి మడిచే ఉంచాలి.

మైకు సంగతి ఎవరూ చెప్పరు. దాని డబ్బా నడుం వెనక బెల్టుకి తగిలిస్తారు. సామాను దాచుకునే అలవాటు సరిగ్గా అక్కడే ఉంటే కొంప మునిగినట్టే. రిహార్సల్‌లో అక్కడ ఓ పాత ఫోను కట్టుకుని చేయాలి. ఫ్లాష్ పేపరు, అంటే నిప్పు తగలగానే భగ్గున మండి మాయమయ్యే మ్యాజిక్ కాగితం, రైల్లో తీసుకెళ్లొద్దు. మండే సామాను మోస్తే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల వరకూ జైలు.

మాట కూడా మనదే ఉండాలి. ఇక్కడి కుర్రాళ్లు స్టేజి ఎక్కగానే హైదరాబాద్ యాంకర్లలా మాట్లాడ్డం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. "ఏటి బావూ, మీ నోటు ఎటెల్లిపోనాది?" అని అడిగితే జడ్జి ముందు నవ్వుతాడు, ఆ నవ్వులో చేతులకేసి చూడ్డం మానేస్తాడు. ఆ ఒక్క క్షణమే కదా కావాల్సింది.

బత్తాయిలు ఒకే సైజువి నాలుగు పట్టుకెళ్లమనండి. పొద్దున్న రమ్మని రాత్రికి పిలుస్తారు. పొద్దున సిద్ధం చేసిన పండు అప్పటికి రసం కారి మెత్తబడుతుంది. తడిగుడ్డ చుట్టి ఉంచి, పేరు పిలవడానికి అరగంట ముందు కొత్తది తీయాలి. చేతులు తుడుచుకోడానికి నల్ల తువ్వాలు మర్చిపోవద్దు, తెల్లదాని మీద పసుపు మరక కెమెరాలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.