స్టోయిచ్కోవ్ ఉంటే కోచ్‌తో పనేముంది?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి స్కూల్ టీమ్‌లో స్టాపర్. డిఫెండర్లను ఎవరూ పట్టించుకోరని వాడి బాధ. 1994లో బల్గేరియాను ఫుట్‌బాల్ ప్రపంచకప్ సెమీస్‌కు తీసుకెళ్లిన కోచ్ డిమితర్ పెనెవ్ ఒకప్పుడు డిఫెండరేనని వాడికి చెప్పాను. "ఆ జట్టు స్టార్ ఫార్వర్డ్ స్టోయిచ్కోవ్ ఉంటే ఎవరైనా గెలిపిస్తారు" అని కొట్టిపారేశాడు. నిజమేనా?
- తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీవాడు తెలివైనవాడే, కానీ లెక్క సగమే చూశాడు. 1962 నుంచి 1986 దాకా బల్గేరియా ఐదు ప్రపంచకప్‌లకు వెళ్లింది. 16 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. వాటిలో 1966, 1970, 1974 కప్పుల జట్లలో పెనెవ్ ఉన్నాడు. 1966లో పీలే, గరించా చెరొక ఫ్రీకిక్‌తో గోల్ కొట్టి వీళ్లను ఓడించారు. 1970లో పెరూ మీద 2-0 ఆధిక్యంలో ఉండి, చివరికి 3-2తో ఓడారు. దేశం తరఫున 90 మ్యాచ్‌లు ఆడిన మనిషికి అసలు చోట ఒక్క గెలుపు కూడా దక్కలేదు.

క్లబ్‌లో కథ వేరు. సోఫియాలోని సీఎస్‌కేఏకి 1964 నుంచి 1977 దాకా ఆడాడు. వరసగా మూడుసార్లు యూరప్ కప్ గెలిచిన నెదర్లాండ్స్ క్లబ్ ఆయాక్స్‌ను 1973లో సీఎస్‌కేఏ ఇంటికి పంపింది. తర్వాత పెనెవ్ సీఎస్‌కేఏకే కోచ్ అయ్యాడు. కుర్రవాడైన స్టోయిచ్కోవ్ రాటుదేలింది పెనెవ్ చేతికిందే. 1989లో యూరప్ క్లబ్‌ల టోర్నీ కప్ విన్నర్స్ కప్ సెమీస్‌లో బార్సిలోనా మీద అతను గోల్స్ కొట్టాడు. ఆ మరుసటి ఏడే బార్సిలోనా అతన్ని తీసుకుంది. ఇక "స్టోయిచ్కోవ్ ఉంటే" అనే మాటకు అర్థమేముందో మీరే చెప్పండి.

1994కు వద్దాం. మొదటి మ్యాచ్‌లో నైజీరియా 3-0తో చితక్కొట్టింది. మామూలు కోచ్ అయితే టెన్షన్‌తో పదిమందినీ వెనక్కి లాగేసేవాడు. పెనెవ్ ఆ పని చేయలేదు. ఐదు రోజులకు గ్రీస్ మీద 4-0. ప్రపంచకప్‌లో బల్గేరియాకు అదే మొదటి గెలుపు. ఆ తర్వాత అర్జెంటీనా మీద 2-0, మెక్సికో మీద పెనాల్టీల్లో గెలుపు. క్వార్టర్స్‌లో అప్పటి చాంపియన్ జర్మనీ ముందుగా గోల్ కొట్టింది. 75వ నిమిషంలో స్టోయిచ్కోవ్ ఫ్రీకిక్, మూడు నిమిషాలకు లెచ్కోవ్ గాల్లోకి దూకి తలతో కొట్టిన బంతి. 2-1. సెమీస్‌లో రొబెర్తో బాజియో ఇటలీకి రెండు గోల్స్ కొట్టి ఆ పరుగుకు అడ్డుకట్ట వేశాడు. మూడో స్థానం మ్యాచ్‌లో స్వీడన్ చేతిలో 4-0తో ఓడారు, దాని గురించి మాట్లాడుకోకపోవడమే నయం.

నేనూ స్టాపర్‌గా ఆడినవాడినే కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. మమ్మల్ని బాగా భయపెట్టేది చెప్పినట్టు ఆడే ఫార్వర్డ్ కాదు, ఎప్పుడు ఏం చేస్తాడో తెలియనివాడు. పెనెవ్‌కు అది అనుభవంలో తెలుసు. అందుకే స్టోయిచ్కోవ్, బలకోవ్, కొస్తదినోవ్‌లను స్వేచ్ఛగా వదిలేశాడు. అదేదో అజాగ్రత్త అనుకున్నవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం అది డిఫెండర్ బుర్రలోంచి వచ్చిన ఎత్తుగడే అనిపిస్తుంది.

మీవాడికి ఇంకో పేరు కూడా చెప్పండి: అదే 1994 జట్టు డిఫెండర్ పెతర్ హుబ్చెవ్. ఇతనూ తర్వాత జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. 2017లో ఇతని జట్టు నెదర్లాండ్స్‌ను 2-0తో ఓడించింది. ఇక ఈసారి మ్యాచ్ అయ్యాక, అవతలి ఫార్వర్డ్ ఏ కాలితో ఆడాడు, ఏ పక్కకు తిరిగాడు అని మీవాడిని అడగండి. ఠక్కున చెప్పాడా, కోచ్ లక్షణాలు ఉన్నట్టే.

ప్రశ్న: పెనెవ్ తన బంధువునే టీమ్‌లో ఆడించాడట. సిఫారసు కాదా?
- కర్నూలు పాఠకురాలు

జవాబు: లూబోస్లవ్ పెనెవ్ ఆయనకు దగ్గర చుట్టమే. కానీ అప్పటికే స్పెయిన్‌లో వలెన్సియాకు గోల్స్ కొడుతున్నవాడికి సిఫారసు ఎందుకమ్మా? 1993 నవంబర్ 17న పారిస్‌లో బల్గేరియాతో ఆఖరి అర్హత మ్యాచ్. ప్రపంచకప్‌కు వెళ్లడానికి ఫ్రాన్స్‌కు డ్రా చాలు. స్కోరు 1-1, ఆట చివరి క్షణాలు. బంతిని దగ్గరే ఉంచుకుని కాలక్షేపం చేయాల్సిన ఫ్రాన్స్ ఆటగాడు జినోలా దాన్ని పొడుగ్గా కొట్టేశాడు. బల్గేరియా దాన్ని అందుకుంది. లూబో లేపి ఇచ్చిన పాస్‌ను కొస్తదినోవ్ గోల్‌లోకి కొట్టాడు. ఆ పాస్ లేకపోతే బల్గేరియాకు 1994 ప్రపంచకప్పే లేదు. పాపం, క్యాన్సర్ సోకడంతో లూబో మాత్రం అమెరికా వెళ్లలేకపోయాడు. కోలుకుని వచ్చి 1996లో అట్లెటికో మాడ్రిడ్‌తో లీగ్, కప్ రెండూ గెలిచాడు.

ప్రశ్న: బల్గేరియాతో మనవాళ్లు ఎప్పుడైనా ఆడారా?
- సికింద్రాబాద్ పాఠకుడు

జవాబు: ఆడారు, అదీ ఒలింపిక్ పతకం కోసం. 1956 మెల్‌బోర్న్‌లో కాంస్యం మ్యాచ్. బల్గేరియా 3-0తో గెలిచింది. మన కోచ్ హైదరాబాద్ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ జట్టులో మీ సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు.