రెండు స్టెంట్లకి 2 లక్షల 80 వేలు: పాప ఫీజు ఎఫ్‌డీ తియ్యాలా, చీటీ పాడాలా?

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంటెంట్‌ని, వయసు 43. నాన్నకి 66. అమ్మా నాన్నా తెనాలి దగ్గర ఊళ్లో ఉంటారు, వాళ్లకి రైస్ కార్డు ఉంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని పోయిన వారం చూపిస్తే ట్రెడ్‌మిల్ టెస్టులో తేడా ఉందన్నారు, యాంజియో చేశారు. ఆయన ఇంకా టేబుల్ మీద ఉండగానే నన్ను లోపలికి పిలిచి స్క్రీన్ మీద రెండు బ్లాకులు చూపించి, ఒకటి 80 శాతం ఒకటి 75, ఇప్పుడే స్టెంట్లు వేసేద్దామా అన్నారు. చేతిలో డబ్బు లేక రెండ్రోజులు టైం అడిగి ఇంటికి తెచ్చుకున్నాం. ప్యాకేజీ 2 లక్షల 80 వేలంట. పాప బీటెక్ ఫీజు కోసం దాచిన ఎఫ్‌డీ 4 లక్షలుంది, 5 లక్షల చీటీలో ఎనిమిదో నెల నడుస్తోంది, పాట లక్షా పదివేల దాకా పోతోంది. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలకి 3 లక్షల కవర్ ఉంది గానీ 20 శాతం మేమే కట్టుకోవాలి. రైస్ కార్డు మీద చేస్తారా అంటే, చేస్తాం గానీ మామూలు స్టెంట్ వస్తుంది, మంచిది కావాలంటే క్యాష్ అన్నారు. ఏది తీస్తే తక్కువ నష్టం?

జవాబు: ముందు ఒక్క మాటండీ. నాన్నగారికి ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, చెమటలు పడుతున్నా, నొప్పి చేతికో దవడకో పాకుతున్నా, ఆయాసం రోజురోజుకీ పెరుగుతున్నా ఇది చదవడం ఆపేసి ఆయన్ని దగ్గర్లో ఉన్న గుండె హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, డబ్బు సంగతి తర్వాత చూసుకోవచ్చు. హార్ట్ ఎటాక్‌లో స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది, అక్కడ సెకండ్ ఒపీనియన్ అంటూ తిరిగే టైం ఉండదు. కింద రాసేదంతా మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే మామూలుగానే ఉన్న మనిషి గురించి.

మీరు ఎఫ్‌డీయా చీటీయా అని అడిగారు. హాస్పిటల్ ఖర్చు గురించి నా దగ్గరికొచ్చే వాళ్లందరూ ఇక్కడే మొదలుపెడతారు, డబ్బు ఎక్కణ్ణించి తేవాలి అని. ఏం కొంటున్నాం, ఇవాళే కొనాలా, దాని రేటెంత అనేది ఎవరూ అడగరు. తెనాలి రోడ్డులో రెండు సెంట్ల స్థలం కొనాలంటే మనం ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు చూస్తాం, తెలిసిన లాయర్‌కి చూపిస్తాం, పక్క స్థలం వాళ్లని కూడా వాకబు చేస్తాం. అంత జాగ్రత్త ఉన్నోళ్లం క్యాథ్ ల్యాబ్ (యాంజియో చేసే, స్టెంట్ వేసే గది) గుమ్మం దగ్గర చెప్పులిప్పి నిలబడి రెండు నిమిషాల్లో మూడు లక్షలకి తలూపేస్తాం, ఎందుకంటే లోపల పడుకుంది నాన్న. ఆ భయం తప్పు కాదు, ఆ భయంలో సంతకం పెట్టకుండా ఇంటికొచ్చారు చూడండి, తెలిసి చేశారో తెలియక చేశారో గానీ ఈ వ్యవహారంలో మీరు చేసిన మంచి పని అదే.

చట్టం కూడా మీ వైపే ఉంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు క్లియర్‌గా చెప్పింది, పరీక్షకి ఇచ్చిన ఒప్పుకోలు ట్రీట్‌మెంట్‌కి ఇచ్చినట్టు కాదు, ప్రాణం మీదకొస్తే తప్ప. యాంజియో అనేది పరీక్ష. దానికి సంతకం పెట్టినంత మాత్రాన స్టెంట్‌కి కూడా పెట్టినట్టు కాదు.

ఇప్పుడు అసలు విషయం. నేను డాక్టర్ని కాదు, స్టెంట్ వెయ్యాలో వద్దో చెప్పే అర్హత నాకు లేదు. కానీ డాక్టర్ని ఏం అడగాలో చెప్పగలను, ఎందుకంటే ఆ జవాబుని బట్టే మీ 2 లక్షల 80 వేలు ఇప్పుడు కావాలా, ఎప్పుడో కావాలా, అసలు కావాలా అనేది తేలుతుంది. గుండె నిలకడగా ఉన్నవాళ్ల మీద రెండు పెద్ద పరిశోధనలు జరిగాయి, 2007లో కరేజ్ అని ఒకటి, 2020లో వచ్చిన ఇస్కీమియా అని ఇంకోటి, రెండోదాన్లో ఐదు వేల మందికి పైగా పేషెంట్లు, మన దేశం వాళ్లు కూడా ఉన్నారు. రెండిట్లోనూ తేలింది దాదాపు ఒకటే, ఇట్టాంటి నిలకడ కేసుల్లో మంచి మందులు వాడుతూ స్టెంట్లు కూడా వేయించుకున్నవాళ్లకీ, మందుల మీదే ఉన్నవాళ్లకీ చావులోగానీ హార్ట్ ఎటాక్‌లోగానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం తేడా వచ్చింది, నొప్పితో ఇబ్బంది పడేవాళ్లకి స్టెంట్ వేస్తే హాయిగా ఉంటుంది, అది చిన్న విషయమేమీ కాదు. ఇంకోటి, ఎడమ వైపు మెయిన్ రక్తనాళం మొదట్లోనే బ్లాక్ ఉన్నవాళ్లని, గుండె పంపింగ్ బాగా తగ్గిపోయినవాళ్లని ఇస్కీమియాలో చేర్చుకోలేదు, వాళ్ల లెక్క వేరు.

కాబట్టి అడగాల్సింది ఇదీ: బ్లాక్ ఎక్కడుంది, మెయిన్‌లోనా కొమ్మలోనా? పంపింగ్ ఎంతుంది? మూడు నెలలు గట్టిగా మందులు వాడి చూస్తే ప్రమాదమేంటి? స్టెంట్ వేస్తే ఆయుష్షు పెరుగుతుందా, ఆయాసం తగ్గుతుందా, రెండిట్లో ఏది? ఈ చివరి ప్రశ్నకి సూటిగా జవాబిచ్చే డాక్టర్ దొరికితే ఆయన చెప్పింది నమ్మండి, వెయ్యాలన్నా సరే వద్దన్నా సరే. "లోపల టైం బాంబు పెట్టుకుని తిరుగుతున్నారు" అని మాత్రమే అంటే ఇంకొకరికి చూపించండి.

ఆ ఇంకొకరు ఎవరు అంటే, స్టెంట్ వేస్తే డబ్బు రాని మనిషి అయితే మేలు. గుంటూరు జీజీహెచ్‌లో, అంటే పెద్ద గవర్నమెంట్ హాస్పిటల్లో, కార్డియాలజీ ఉంది, మంగళగిరి ఎయిమ్స్ మీకు గంట దూరం కూడా లేదు. ఓపీలో ఒక పూట కూర్చోవాల్సి వస్తుంది, కూర్చోండి. యాంజియో సీడీ, రిపోర్టు, ఎకో కాగితాలు మీ హక్కు, అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ రూల్స్‌లోనే ఉంది. సీడీ ఇవ్వడానికి నసిగితే లెటర్ రాసి ఇచ్చి, ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి, సాయంత్రానికి సీడీ వచ్చేస్తుంది. ఇంకోటి, ఊళ్లో ఆర్‌ఎంపీ గారు తీసుకెళ్లిన హాస్పిటల్ అయితే అదే ఆర్‌ఎంపీ చెప్పిన రెండో హాస్పిటల్‌కి వెళ్లకండి, కమీషన్ల సంగతి మన జిల్లాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

రేటు దగ్గరికొద్దాం. మీకు చెప్పిన "మామూలు స్టెంట్, మంచి స్టెంట్" మాట నాకు బాగా చిరాకు తెప్పించింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకి సీలింగ్ పెట్టింది, మందు పూసిన స్టెంట్ 29,600, ఉత్త మెటల్‌ది 7,260. అంతకుముందు మందు స్టెంట్‌కి లక్ష, లక్షన్నర కూడా వేసేవాళ్లు. తర్వాత ఆ ధర మారుతూ వచ్చింది, ఇప్పుడు మందు స్టెంట్ 40 వేలకి కాస్త అటూ ఇటూ. ఇంపోర్టెడ్, లేటెస్ట్ జనరేషన్, కరిగిపోయేది అని ఏ పేరు పెట్టినా మందు స్టెంట్‌కి సీలింగ్ ఒక్కటే. బిల్లులో స్టెంట్ ధర విడిగా, బ్రాండ్ పేరు, బ్యాచ్ నంబర్‌తో సహా చూపించాలి. అంటే మీ ప్యాకేజీలో రెండు స్టెంట్లూ కలిపి 80 వేల చిల్లర. మిగతా 2 లక్షలు ఏంటి? బెలూన్, వైరు, క్యాథ్ ల్యాబ్, డాక్టర్ ఫీజు, ఐసీయూ, రూము, మందులు. రాసిమ్మనండి, ప్యాకేజీలో ఏమున్నాయి ఏం లేవు అని లెటర్‌హెడ్ మీద. స్టెంట్ రేటు తగ్గించాక లాభం పక్కకి జరిగిందేగానీ పోలేదు. 2018లో ధరల నియంత్రణ సంస్థ ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు ప్రైవేటు హాస్పిటళ్ల బిల్లులు చూస్తే మందులు, సిరంజిలు, గ్లౌజుల్లాంటి వాటి మీద మార్జిన్ కొన్నిట్లో 1,737 శాతం దాకా తేలింది. చదివినప్పుడు ప్రింటింగ్ మిస్టేక్ అనుకున్నా.

నేనేదో తెలివిగా ఉన్నాననుకోకండి. మా అమ్మ మోకాలు ఆపరేషన్ విజయవాడలోనే, ఒక పెద్ద హాస్పిటల్లో చేయించాం. ఊరందరికీ లెక్కలు చెప్పేవాణ్ణి అడ్మిషన్ కాగితాలు ఒక్కటి కూడా చదవకుండా పదమూడు చోట్ల సంతకం పెట్టా. డిశ్చార్జ్ రోజు బిల్లు చూస్తే వాడని ఇంజెక్షన్లు పన్నెండు, వాకర్ రెండు సార్లు, డైటీషియన్ ఫీజు, ఆ డైటీషియన్ ఎవరో మా అమ్మకి ఈ రోజుకీ తెలియదు. గొడవపడి కొంత వెనక్కి తెచ్చుకున్నా. అప్పట్నించి నా క్లయింట్లకి చెప్పేదొకటే, రోజూ సాయంత్రం ఆ రోజు వరకు బిల్లు ప్రింట్ అడగండి, చివరి రోజు ఒకేసారి చూస్తే ఎవరికీ ఓపికుండదు, ఆటో బయట వెయిటింగ్‌లో ఉంటుంది కూడా.

రైస్ కార్డు విషయం. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, మనందరికీ అలవాటైన పేరు ఆరోగ్యశ్రీ, దాన్లో స్టెంట్ ఉంది. నెట్‌వర్క్ హాస్పిటల్ ఆ కార్డు మీద చేస్తే క్యాష్‌లెస్, పేషెంట్ దగ్గర పైన డబ్బులు తీసుకోకూడదు. హాస్పిటల్లో ఈ స్కీము పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గరికెళ్లి ఏ స్టెంట్ వేస్తారో కంపెనీ పేరుతో చెప్పమనండి, క్యాష్ అడిగితే 104కి కంప్లయింట్ పెట్టండి. చాలామంది కార్డు బయటికి తీయడానికి సిగ్గుపడతారు, సరిగ్గా చూడరని భయపడతారు. ఆ భయానికి కొన్నిచోట్ల కారణం లేకపోలేదు, అందుకే ఇంకో నెట్‌వర్క్ హాస్పిటల్లో కూడా అడగమంటున్నా, కానీ 2 లక్షల 80 వేలు కట్టే ముందు ఆ మాత్రం తిరగొచ్చు.

కార్డు కుదరకపోతే ఆఫీసు పాలసీ. ఇక్కడ గొయ్యి రూము దగ్గరుంటుంది. మీ పాలసీ కాగితంలో రూమ్ రెంట్ రోజుకి కవర్‌లో 1 శాతం అని ఉందేమో చూడండి, ఉంటే 3 లక్షలకి రోజుకి 3,000. ఆరు వేల రూము తీసుకుంటే తేడా మూడు వేలే కదా మనమే కట్టుకుందాం అనుకుంటారు, అట్టా కాదు. విడివిడిగా బిల్లు వేసే చోట డాక్టర్ ఫీజు, క్యాథ్ ల్యాబ్ లాంటివి కూడా అదే లెక్కన సగానికి కోస్తారు, మందులు, స్టెంట్, టెస్టులు మాత్రం కొయ్యరు. మీ 2,80,000లో మందులు, స్టెంట్లు, టెస్టులు కలిపి 1,20,000, మూడ్రోజుల రూము 18,000, మిగతా ఫీజులు 1,42,000 అనుకుందాం. ఒప్పుకునేది 1,20,000 ప్లస్ 9,000 ప్లస్ 71,000, మొత్తం 2 లక్షలు, అందులో మీ 20 శాతం పోతే వచ్చేది 1,60,000. మీ జేబులోంచి లక్షా ఇరవై వేలు. అదే మూడు వేల రూములో ఉంటే బిల్లు 2,71,000, మీ వంతు 54,200. రూములో తేడా తొమ్మిది వేలు, జేబుకి తేడా అరవై ఐదు వేల పైన. ఏసీ డీలక్స్ కాకుండా ట్విన్ షేరింగ్ అడగండి, నాన్నగారేమీ అనుకోరు. డిశ్చార్జ్ రోజు అప్రూవల్ రాలేదని కూర్చోబెడితే, ఫైనల్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలని 2024 నుంచి రూల్ ఉంది, టీపీఏ వాళ్లకి (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసేవాళ్లు) ఆ మాట గుర్తుచెయ్యండి.

ఇప్పుడు మీరడిగిన దానికి. వెయ్యాల్సిందే అని ఇద్దరు డాక్టర్లు చెప్పి, కార్డు కుదరక, పాలసీ వాడాక మీకు తగ్గేది యాభై అరవై వేలు. దానికోసం ఎఫ్‌డీ పగలగొట్టొద్దు, దాని మీద లోన్ తీసుకోండి, చాలా బ్యాంకుల్లో ఎఫ్‌డీ వడ్డీకి పైన ఒకటి రెండు శాతమే, ఒక్క రోజులో ఇస్తారు, పాప ఫీజు నాటికి తీర్చేయొచ్చు. హాస్పిటల్ కౌంటర్ పక్కన ఈఎంఐ కార్డులు పట్టుకుని నిలబడేవాళ్ల జోలికి పోకండి.

స్టెంట్ వేసినా వెయ్యకపోయినా మందుల ఖర్చు ఉంటుంది, ఇది ప్యాకేజీలో ఎవరూ చెప్పరు. స్టెంట్ వేశాక రక్తం పల్చబడే మందులు డాక్టర్ని అడక్కుండా ఒక్క రోజు కూడా ఆపకూడదు, డబ్బు మిగుల్తుందని అసలు ఆపకూడదు. మిగల్చాలంటే అదే మందు జన్ ఔషధి షాపులో అడగండి, ప్రిస్క్రిప్షన్‌లో కెమికల్ పేరు రాసిమ్మని డాక్టర్‌నే అడగొచ్చు.

ఇది సద్దుమణిగాక మీ ఇద్దరికీ పాపకీ సొంత పాలసీ ఒకటి తీసుకోండి. ఆఫీసు పాలసీ ఉద్యోగంతో పోతుంది, అప్పటికి మీకు షుగరో బీపీయో వస్తే వాటికి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెడతారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

రేపు సీడీ తీసుకుని ఓపీకి వెళ్లండి, లెటర్‌హెడ్ మీద ఎస్టిమేట్ వస్తే ఫొటో తీసి నాకు పంపండి, లైను లైను చూద్దాం. చీటీ మాత్రం ఈ నెల పాడకండి, 5 లక్షలకి లక్షా పదివేలు వదులుకుని తెచ్చే డబ్బు మీకిప్పుడు అక్కర్లేదు.